ఆపా ఇద్దత్, నా గోలీలు

టీబీతో ఈ కాలంలో ఎవరూ చావరని నాకు చాలామంది చెప్పారు. చెప్పినవాళ్లందరూ గడప అవతలే నిలబడి చెప్పారు.

ఆ జబ్బు తగ్గి కొన్నేళ్లయింది. ఇన్నాళ్లూ దాని గురించి రాయాలనిపించలేదు. ఈమధ్య మా చర్చి సంఘంలో ఒక అమ్మాయికి అదే జబ్బని తేలింది. వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, "టీచరమ్మా, నువ్వు ఎట్ల ఏగినవ్?" అని అడిగింది. వేళకు గోలీలు వేసుకోవాలని, గుడ్లు తినాలని, ఒక్క పూట కూడా మానొద్దని చెప్పి పంపించాను. ఆమె సందు మలుపు తిరిగాక నా మీద నాకే చిరాకు వేసింది. దవాఖానలో సిస్టరు చెప్పే మాటలే నేనూ చెప్పాను. నేను ఎట్లా ఏగానో మాత్రం చెప్పలేదు. అది చెప్పాలంటే మా పక్కింటి హలీమా ఆపా గురించి చెప్పాలి.

మాది మహబూబ్‌నగర్, అదే పాలమూరు. ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేసి కిరాయికి ఇచ్చారు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో హలీమా ఆపా, ఆమె భర్త ఖాదర్ భాయ్. పెరటిని కూడా అట్లాగే పంచారు, మనిషెత్తు గోడతో. గోడ అడుగున నల్లా పైపు ఇటు నుంచి అటు పోవడానికి ఒక కంత ఉంది. నేను అంగన్‌వాడీ టీచరును. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే బిడ్డ కరుణ, కోస్గిలో కాపురం ఉంటుంది. ఖాదర్ భాయ్ టైలరు. వాళ్లకు పిల్లల్లేరు. ఆపా నాకంటే కొంచెం పెద్దది, నన్ను చెల్లె అని పిలిచేది.

మేము క్రైస్తవులం. బలి ఇచ్చినదేదీ మా ఇంట్లో ముట్టుకోము. అందుకే బక్రీదుకు వాళ్లు పంచే కుర్బానీ మాంసం నేను తినను. ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి ఏడు ఆపా గిన్నె పట్టుకుని వస్తే గడపలోనే ఆ మాట చెప్పేశాను. ఆపా గిన్నె మీద కొంగు కప్పుకుని వెనక్కి వెళ్లింది. సాయంత్రానికి ఇంకో గిన్నెతో వచ్చింది.

"ఇది కుర్బానీది కాదు. దుకాణంలకెల్లి తెప్పించి విడిగ వండిన. గిదన్న తింటవా?"

ఆనాటి నుంచి ప్రతి బక్రీదుకూ అంతే. పండుగ పనిలో మునిగి ఉండి కూడా నా కోసం విడిగా మాంసం తెప్పించి, విడిగా పొయ్యి మీద పెట్టేది. నేనూ క్రిస్మస్‌కు వాళ్ల కోసం కోడిని హలాల్ చేసే దుకాణంలోనే కోయించేదాన్ని. మా సంఘంలో ఒకరిద్దరు దెప్పిపొడిచారు కూడా. కోడికి ఎట్లాగూ ప్రాణం పోయింది కదా, వాళ్ల మనసెందుకు కష్టపెట్టాలని నవ్వి ఊరుకున్నాను.

క్రిస్మస్‌కు ముందు

తెలంగాణ వచ్చి నాలుగేళ్లు దాటిన చలికాలం అది. దగ్గు మొదలైంది. పిల్లల దగ్గర పనిచేసేవాళ్లకు దగ్గు కొత్త కాదు కాబట్టి మిరియాల కషాయం తాగి తిరిగాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు భుజాల మీది నుంచి జారడం మొదలైంది. బిగించమని ఖాదర్ భాయ్‌కి ఇచ్చాను. ఆయన టేపు మెడలో వేసుకుని నన్నొకసారి, జాకెట్టునొకసారి చూశాడు.

"టీచరమ్మా, గీ జాకెట్టు నేను కుట్టిందే. నా కుట్టు తప్పలే, నువ్వే తరిగినవ్. జర దవాఖానకు పోయి సూపించుకో" అన్నాడు.

సర్కారు దవాఖానలో ఒక పొడుగాటి వరండా ఉంది. చివర టీబీ గది. ఆ వరండాలో ముందు బెంచీల మీద జనం ఒకరి మీద ఒకరు కూర్చుంటారు. చివరికి పోయేకొద్దీ బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ బెంచీల మీద మేము ఒక్కొక్కరం ఎడంగా, నోటికి గుడ్డలు కట్టుకుని కూర్చునేవాళ్లం. ఎవరూ ఎవరి ముఖమూ చూసేవారు కాదు. ఒక రోజు చలికి వణుకుతుంటే మగ్గం నేసే ఒక పెద్దాయన లేచి, "అమ్మా, ఈడ ఎండ పడతాంది, నువ్వు కూసో" అని తన చోటు నాకిచ్చి నీడలోకి వెళ్లి నిలబడ్డాడు. పేరు అడగలేదు. తర్వాత ఆయన మళ్లీ కనిపించలేదు. ఇప్పటికీ దవాఖానల కోసం ప్రార్థన చేసినప్పుడు ఆయన గుర్తుకొస్తాడు.

జబ్బు పేరు తెలిశాక చేయాల్సినవన్నీ చకచకా జరిగిపోయాయి. అంగన్‌వాడీకి రావద్దన్నారు. న్యాయమే, పసిపిల్లలు కదా. కరుణకు ఫోన్ చేశాను. దానికి చంటిపాప. అది రెండు మూడుసార్లు "అమ్మా... అమ్మా..." అని ఆగిపోయింది.

"నువ్వు రాకు బిడ్డా. పాప చిన్నది" అని నేనే అన్నాను.

అటువైపు నుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అత్తగారితో ఏ గొడవా లేకుండా గట్టెక్కానన్న ఊపిరి అది. దాని తప్పేమీ లేదు. కానీ ఆ ఊపిరి చప్పుడు చాలా కాలం నా చెవుల్లోనే ఉండిపోయింది.

మా సంఘంలో ప్రభు భోజనంలో ద్రాక్షరసానికి ఒకటే గిన్నె, అందరం దాంట్లోనే తాగుతాం. ఇక గుడికి పోయే ప్రశ్నే లేదు. పాస్టరు అయ్యగారు వచ్చి గడప బయట నిలబడి ప్రార్థన చేసి వెళ్లారు. క్రిస్మస్ పాటలు పాడేవాళ్లు ప్రతి ఏడూ మా ఇంట్లోకి వచ్చి చాయ్ తాగి వెళ్లేవారు. ఆ ఏడు సందు మొదట్లోనే పాడి అటు నుంచి అటే పోయారు. నేను లైటు వేసుకుని కూర్చుని విన్నాను.

పండుగ రోజు మధ్యాహ్నం హలీమా ఆపా తలుపు తోసుకుని వచ్చింది. దుపట్టా ముక్కుకు చుట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని.

"ఏటేటా నీ పండుగకు నువ్వు పెడ్తవ్. ఈ ఏడు నీ పండుగ నేను చేసిన, తిను" అని డబ్బా కిటికీలో పెట్టి గడప మీద కూర్చుంది. నేను తిన్నంతసేపూ కూర్చుంది. ఆ నెలలో నేను తింటుంటే చూసిన మనిషి ఆమె ఒక్కతే.

వెళ్తూ ఒక సీసా ఇచ్చింది. ఖాదర్ భాయ్ దర్గాకు పోయి, మౌల్వీ గారితో దువా చదివించి ఊదించి తెచ్చిన నీళ్లు. కాదనడానికి నోరు రాలేదు, తాగడానికి మనసు రాలేదు. ఆమె పోయాక పెరట్లోకి వెళ్లి మల్లెచెట్టు పాదులో పోశాను. పోస్తూ, ప్రభువా వాళ్ల ప్రేమను మాత్రం నా లెక్కలో రాసుకో అని చెప్పుకున్నాను.

జనవరి చివర

ఒక పొద్దున గోళెంలో నీళ్లు ముంచుకుంటుంటే గోడ అవతల ఆపా కేక వినిపించింది. మాట కాదు, పేరు కాదు, ఉత్త కేక. ఖాదర్ భాయ్ పక్క మీద నుంచి లేవలేదు. గుండె ఆగిపోయిందట.

మా ఆయన పోయిన రోజున ఆపా నా తలను తన ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కదలకుండా కూర్చుంది. ఆ రుణం తీర్చుకోవాల్సిన రోజున నేను నా వాకిట్లోనే నిలబడిపోయాను. ఇల్లంతా చుట్టాలు, పసిపిల్లలు. నాకింకా దగ్గు వస్తోంది. జనాజాను మా గుమ్మం ముందు నుంచే తీసుకుపోయారు. తలుపు సందులో నుంచి చూశాను. నా జాకెట్లన్నీ కుట్టిన మనిషి అట్లా పోయాడు.

ముస్లిం ఇంట్లో భర్త పోతే భార్య నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటదు. ఇద్దత్ అంటారు. నగలు పెట్టదు, మంచి బట్టలు కట్టదు, పండుగలకూ పేరంటాలకూ పోదు. ఆడవాళ్లు వచ్చి చూసి పోవచ్చు. కానీ నేను పోలేను, ఆమె రాలేదు. కొల్లాపూర్ నుంచి ఆమె వదిన వచ్చి తోడు ఉంది. ఒక గోడకు ఇటు జబ్బుతో నేను, అటు దుఃఖంతో ఆమె. ఫోన్ చేస్తే ఆపా "ఊఁ" అనేది, అంతకుమించి మాట్లాడేది కాదు. నేనూ ఏం మాట్లాడాలో తెలియక పెట్టేసేదాన్ని.

నా జబ్బు మొత్తంలో అన్నిటికంటే కష్టమైన కాలం ఆ ఫిబ్రవరి. జ్వరం, దగ్గు ఎట్లాగో ఓర్చుకోవచ్చు. పొద్దున లేచిన దగ్గర నుంచి పొద్దుపోయేదాకా నోరు తెరిచి మాట్లాడే పని పడకపోవడం మాత్రం ఓర్వలేం. ఒక రోజు కూరగాయల బండి అతను ధర చెబితే, బేరమాడిన నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బైబిలు బిగ్గరగా చదువుకునేదాన్ని, కనీసం ఇంట్లో ఒక చప్పుడు ఉంటుందని.

గోలీలు ఉదయం పరగడుపున వేసుకోవాలి. మసీదులో మొదటి అజాన్ వినబడగానే లేచి, పెరట్లో నల్లా దగ్గరకు పోయి మింగేదాన్ని. మింగిన కాసేపటికి కడుపులో తిప్పేది. బట్టలుతికే బండ మీద చెయ్యి ఆనించి ఓకరించేదాన్ని. అదే వేళకు గోడ అవతల ఆపా నమాజు కోసం కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే నీళ్ల చప్పుడు వినిపించేది. ఆమెకు నా ఓకరింతలు వినిపిస్తున్నాయని నేను అనుకోలేదు. మాటల్లేవు, చప్పుళ్లే ఉన్నాయి. అయినా ఆ నీళ్ల చప్పుడు వింటే ఇంకా ఒకరు మేలుకుని ఉన్నారనిపించేది.

మార్చి

దగ్గు ఆగిపోయింది. ఆకలి పుట్టింది. ఇక నీ వల్ల ఎవరికీ అంటదని దవాఖానలో చెప్పారు. చెప్పిన వారమే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు గుడికి వెళ్లాను. నెలల తర్వాత మనుషుల మధ్య కూర్చున్నాను. పాటలైపోయాక, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. నన్నెవరూ లేపలేదు, నాకై నేనే లేచాను.

"దేవుడు నన్ను స్వస్థపరిచాడు. నాకిప్పుడు ఏ జబ్బూ లేదు" అన్నాను.

చప్పట్లు మోగాయి. స్తోత్రం, స్తోత్రం అన్నారు. కూటం అయ్యాక ఆడవాళ్లు వరుసగా వచ్చి నన్ను కావలించుకున్నారు. నెలల తరబడి నన్ను ఒక మనిషి ముట్టుకోలేదు. ఆ చేతుల వేడికి నాకు ఏడుపొచ్చింది. వాళ్లు అది ఆనందమనుకున్నారు. ఆనందమే మరి.

మరుసటి రోజు అజాన్ అయింది. గోలీలు అరచేతిలో పెట్టుకున్నాను. అప్పుడు పట్టుకుంది నన్ను ఆ ఆలోచన. దేవుని ఎదుట, సంఘం ఎదుట నిలబడి జబ్బు లేదని చెప్పాను. ఇప్పుడు ఇవి మింగితే చెప్పింది అబద్ధమేనా? ఆయనను నమ్మనట్టేనా? ఆపమని అయ్యగారు అనలేదు. ఎవరూ అనలేదు. చెప్పిన సాక్ష్యానికి కట్టుబడాలని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మా విశ్వాసుల్లో ఈ తప్పు చేసేవాళ్లు నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసింది. పైగా గోలీలు వేసుకుంటున్నానని తెలిస్తే మళ్లీ ఎవరూ దగ్గరికి రారేమోనన్న భయం. నిజం చెప్పాలంటే ఆ భయమే ఎక్కువ. గోలీల డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక పెట్టేశాను.

కడుపులో తిప్పడం పోయింది. హాయిగా ఉంది. వారం దాటింది. అజాన్‌కు మెలకువ వచ్చేది, కానీ ఊరికే పెరట్లోకి పోయి ముఖం కడుక్కుని వచ్చేదాన్ని.

అట్లాంటి ఒక పొద్దున గోడ అడుగు కంతలో నుంచి మాట వినిపించింది.

"చెల్లె."

ఇద్దత్‌లో కూర్చున్న తర్వాత ఆపా తనంతట తానుగా నన్ను పిలవడం అదే మొదలు. నేను బండ మీద కూలబడ్డాను.

"ఏమైంది ఆపా?"

"నీ కక్కుడు సప్పుడు రాకబట్టి శాన దినాలాయె. గోలీలు అయిపోయినయా?"

"అయిపోలే ఆపా. నాకు నయమైంది. దేవుడు బాగుచేసిండు. గుడిల సాక్ష్యం గూడ చెప్పిన."

"మంచిది. అల్లా బాగుచేసిండు, షుకర్. గోలీలు ఏసుకుంటున్నవా, లేదా?"

నేను నల్లా తిప్పి మళ్లీ కట్టేశాను.

"లేదా?"

"సాక్ష్యం చెప్పినంక ఎట్ల ఏసుకోవాలె ఆపా? దేవుని నమ్మనట్టు గాదా?"

అవతల చెంబు ఠంగున కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత వచ్చిన గొంతు నేను ఎన్నడూ విననిది. ఆపాకు కోపం రావడం అన్ని ఏళ్లలో అదే మొదటిసారి.

"మీ భాయ్ గూడ గిట్లనే చేసిండు. బీపీ గోలీలు ఆపిండు. మంచిగనే ఉన్న కదా, అల్లా ఉన్నడు కదా అన్నడంట దోస్తులతోని. నాకు చెప్పలే. నేను పక్కల పండుకునే మనిషిని, నాకే ఎరుక లేదు. ఆయన పోయినంక దిండు కింద దొరికినయ్ గోలీలు. గందుకే నీ కక్కుడు వింటున్న రోజూ. వజూ చేసుకుంట నీ కక్కుడు విని, ఆఁ, ఏసుకుంది అనుకొని నమాజుకు పోతున్న."

నేను కంత దగ్గరికి జరిగాను.

"నేనిచ్చిన దర్గా నీళ్లు మల్లెచెట్టుకు పోసినవ్. మా మిద్దె మెట్ల మీదికెల్లి సూసిన. ఏమన్న అన్ననా? నీ నమ్మకం నీది. గని గోలీలు ఎవరి నమ్మకం గావు చెల్లె. గోలీలు ఏసుకుంటే మీ దేవుడు అలుగుతడా? గంత చిన్న మనసా ఆయనది?"

"ఆపా..."

"విను. నేను ఇద్దత్‌ల ఉన్న. నీకు ఏమన్న అయితే గీ గడప దాటి రాలేను. నీ ముఖం గూడ సూడలేను. ఆయనకు తోడు నువ్వు గూడ పోతే, గీ గోడకు ఇవతల కూసొని నేను నీ ఏడుపు గూడ ఒక్కదాన్నే ఏడ్వాలె. నేను బయటికొచ్చేదాక సావకు. గంతే."

నేను లేచి లోపలికి వెళ్లి బియ్యం డ్రమ్ము వెనక చెయ్యి పెట్టాను. గోలీలు తెచ్చుకుని కంత దగ్గరే కూర్చుని మింగాను. కాసేపటికి కడుపులో తిప్పింది. ఆమెకు వినిపించేలా ఓకరించాను. అవతల నీళ్ల చప్పుడు మొదలైంది.

ఆ రోజే దవాఖానకు వెళ్లాను. సిస్టరు నా కార్డు చూసి వరండా అంతా వినిపించేలా తిట్టింది. మళ్లీ పరీక్షలన్నారు. ఫలితం వచ్చేదాకా ఖాళీ బెంచీల మీద కూర్చున్నంతసేపు నేను చేసిన ప్రార్థనలో ఒక్క గొప్ప మాట కూడా లేదు. తప్పైంది, తప్పైంది అనే అన్నాను. అదృష్టం బాగుండి జబ్బు తిరగబెట్టలేదు. మధ్యలో ఆపినందుకు ఇంకొన్నాళ్లు ఎక్కువ వేసుకోవాలన్నారు. అయ్యగారికి కూడా వెళ్లి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "అమ్మా, నేనే రోజూ షుగరు గోలీ వేసుకొని ప్రసంగానికి ఎక్కుతాను. నన్నొక్క మాట అడగొద్దా?" అన్నారు. ఆ మాట ఆయన కూడా ఎప్పుడూ గుడిలో చెప్పలేదు. నేను దాన్ని ఎత్తి చూపలేదు.

రంజాన్ నెల

ఆ ఏడు రంజాన్ నడి వేసవిలో పడింది. పాలమూరు ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆపా ఇద్దత్‌లోనే రోజాలు పట్టింది. ఇక అంటదని చెప్పినా ఆమె వదినకు నా జబ్బంటే భయం పోలేదు, అందుకని నేను వాళ్ల గడప తొక్కలేదు. సాయంత్రం ఇఫ్తార్ వేళకు ఇద్దరం గోడకు వీపు ఆనించి కూర్చునేవాళ్లం, నేను ఇటు, ఆమె అటు. గోడ పగలంతా కాగి వేడిగా ఉండేది. కంతలో నుంచి రెండు ఖర్జూరాలు పెట్టేది. ఇవి దువా చదివినవి కావు, ఉత్త ఖర్జూరాలు అని మరీ చెప్పి పెట్టేది.

ఖాదర్ భాయ్ గురించి మాట్లాడుకునేవాళ్లం. పండుగ ముందు గిరాకీ ఎక్కువై ఆయన ఒకరి పైజామా ఇంకొకరికి కుట్టిచ్చిన సంగతి చెప్పి నవ్వేది. నవ్వు మధ్యలో ఆగేది. అప్పుడు ఏమీ అనకుండా కూర్చోవాలని నేను ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాను. అంతకుముందు ఎవరి ఇంట్లో చావైనా వెంటనే వాక్యం చెప్పి ఓదార్చేదాన్ని.

ఒకసారి ఆపా అడిగింది.

"చెల్లె, మీ యేసు, మా ఈసా అలైహిస్సలాం, అంటే మాకు గూడ పాణం. పెద్ద నబీ. మీరు దేవుడు అంటరు. మనిషిని దేవుడు అనుడు నాకు సమజ్ కాదు."

"నాకు ఆయన దేవుడే ఆపా. ఉత్త ప్రవక్త అంటే నా మనసు ఒప్పుకోదు."

మసీదు మైకులో గరగర మొదలైంది. కాసేపటికి ఆపా, "మీ ఇంట్ల పెరుగు ఉన్నదా? మాది పులిసింది" అంది. గోడ మీది నుంచి పెరుగు గిన్నె అందించాను.

ఇద్దరి దేవుడూ ఒకడే కదా అని కొందరు తేలిగ్గా అనేస్తారు. నాకు ఆ మాట నోట రాదు. నేను నమ్మింది నేను నమ్మాను, ఆమె నమ్మింది ఆమె నమ్మింది, మధ్యలో గోడ ఉన్నమాట నిజం. కానీ ఆమె రోజుకు అయిదుసార్లు చేసే దువాలో నా పేరు ఉండేది. నా ప్రార్థనలో ఆమె పేరు ఉండేది. నాకు ఇంతకంటే ఎక్కువ తెలియదు.

ఆపా ఇద్దత్ రంజాన్ పండుగ దాటిన వెంటనే ముగుస్తుంది. నేను ఆ రోజు కోసం ఎదురుచూశాను. ఇక నా వల్ల ఎవరికీ అంటదు, ఆమె గడప దాటొచ్చు. ఇద్దరం మా ముందు గదిలో ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగుతాం. నా గోలీల చివరి రోజున ఆమె నా పక్కనే ఉంటుంది. జబ్బులో నేను దాచుకున్న ఆశ అదొక్కటే.

ఇద్దత్ తీరిన రోజు పొద్దున్నే ఆపా గడప దాటి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్ల చీరలో సగమైపోయింది. నేను అలవాటు కొద్దీ వెనక్కి జరిగాను. ఆమె ఆగలేదు. వచ్చి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చాయ్ పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"బయట తమ్ముడు జీపు తెచ్చిండు. కొల్లాపూర్‌కు పోతున్న. గీ ఇంట్ల ఒక్కదాన్ని ఎట్లుంట చెల్లె? ఇద్దత్ అయ్యేదాక ఆయన ఇంట్లనే ఉండాలె గనుక ఉన్న."

నేను ఆ రోజు కోసం ఎదురుచూసినన్నాళ్లూ, అది ఆమె వెళ్లిపోయే రోజని నాకు తోచలేదు. నెలల తరబడి గోడ పక్కన కూర్చుని ఆమె కూడా ఆ మాట నాకు చెప్పలేకపోయింది. జీపులో ఖాదర్ భాయ్ కుట్టుమిషను ఎక్కించారు. ఆమె సందు చివరిదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

బక్రీదు

మిగిలిన గోలీలు నేను ఒక్కదాన్నే వేసుకున్నాను. అజాన్‌కు లేవడం, నల్లా, బండ, ఓకరింత. అవతల నీళ్ల చప్పుడు లేదు. తాళం వేసిన ఇల్లు. ఆపా రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఏసుకున్నవా?" అని అడిగేది. ఏసుకున్నానని చెప్పేదాన్ని. అయినా ఫోన్ వేరు, గోడ వేరు.

కార్డు మీద తగ్గిందని రాసిన వారం మళ్లీ గుడిలో లేచాను. మొదటిసారి చెప్పిన సాక్ష్యం సగమే నిజమని చెప్పాను. గోలీలు ఆపానని, ఇద్దత్‌లో కూర్చున్న ఒక ముస్లిం ఆడమనిషి గోడ అవతలి నుంచి నాతో మళ్లీ మింగించిందని, దేవుడు నన్ను ఆమె చేత బతికించాడని చెప్పాను. హలీమా అని పేరు కూడా చెప్పాను. ఈసారి చప్పట్లు రాలేదు. వెనక వరుసలో ఒక ముసలామె మాత్రం "ఆమేన్" అంది. అది చాలనుకుని కూర్చున్నాను. కావలించుకోవడానికి పెద్దగా ఎవరూ రాలేదు.

ఆగస్టులో బక్రీదు వచ్చింది. పండుగ మరునాడు సాయంత్రం కొల్లాపూర్ నుంచి వచ్చిన ఒక తెలిసినతను తలుపు కొట్టి గుడ్డలో కట్టిన డబ్బా ఇచ్చిపోయాడు. మూత తీస్తే వేయించిన మాంసం, చాలా దూరం వచ్చినా పాడవకుండా నీళ్లన్నీ ఇగరబెట్టి. ఫోన్ చేశాను.

"దుకాణందే చెల్లె. కుర్బానీది కాదు. విడిగ వండిన" అంది, నేను అడగకముందే.

అంత జనం ఉన్న తమ్ముడి ఇంట్లో, పండుగ పూట, ఎవరి మాటలు పడుతూ ఆమె నా కోసం విడిగా పొయ్యి వెలిగించిందో నాకు అర్థమైంది. దుఃఖం ఆగలేదు.

"ఆపా, ఇగ నా కోసం విడిగ కొనకు. ఇంత చేసినవ్ నాకు. వచ్చే ఏడు కుర్బానీదే పంపు. నేను తింట."

ఆపా ఫోన్ పట్టుకుని జనానికి దూరంగా జరిగిన అడుగుల చప్పుడు వినిపించింది.

"వద్దు చెల్లె. నువ్వు తినవ్ కదా, తినకు. నా కోసం నువ్వు మారొద్దు" అంది. తర్వాత నెమ్మదిగా, "ఈడ వండుడు అంతా మరదలుదే. నాకు పొయ్యి కాడ పని లేదు. నీకు విడిగ వండాలె అని చెప్పి ఒక్క పూట నా పొయ్యి నేను పెట్టుకున్న. గది గూడ లేకపోతే పండుగ నాడు నేను ఎవరి కోసం వండాలె?" అంది.

సరే ఆపా, విడిగానే వండు అన్నాను. ఫోన్ పెట్టేసి డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్లాను. గోడకు వీపు ఆనించి బండ మీద కూర్చుని, ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తిన్నాను.